ట్రావెల్ ట్రైలర్ ఎంపిక

ట్రావెల్ ట్రైలర్ అనగా కారు లేదా పికప్ ట్రక్కు వెనుక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇల్లు. పడకలు, వంటగది, స్నానపు గది, నీటి తొట్టెలు ఇందులో అమర్చి ఉంటాయి. అమెరికా, కెనడాలలో ఇది బాగా వ్యాప్తిలో ఉన్నది. బ్రిటన్‌లో దీనిని కారవాన్ అంటారు. సొంత ఇంజను గల మోటార్‌హోమ్ దీనికంటే భిన్నమైనది. మొదటిసారి కొనేవారు లోపలి వసతులను చూసి ట్రైలరును ఎంచుకొని, తమ వాహనం దానిని లాగగలదా అన్నది ఆ తరువాత ఆలోచించడం కద్దు. నిజానికి లెక్క వాహనంతో మొదలు కావాలి.

లాగే సామర్థ్యం

ప్రకటనలలో కనిపించే లాగే సామర్థ్యాన్ని అమెరికాలో జె 2807 అనే ప్రమాణం ప్రకారం నిర్ణయిస్తారు. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ వద్ద గల పొడవైన ఎగువదారిని ఎక్కడం ఈ పరీక్షలలో ఒకటి. అయితే ఈ లెక్కలో వాహనంలో ఉండేది డ్రైవరు, మరొక ప్రయాణికుడు మాత్రమే; ఒక్కొక్కరి బరువు 150 పౌండ్లు. పిల్లాపాపలతో, సామానుతో బయలుదేరే కుటుంబానికి ఆ సంఖ్య పూర్తిగా వర్తించదు.

పేలోడ్

వాహనం తనపై మోయగల బరువును పేలోడ్ అంటారు. డ్రైవరు తలుపు చట్రంపై టైర్ల వివరాలతో అంటించిన పట్టీలో ఇది ఉంటుంది. ఒకే నమూనా వాహనాలలో సైతం అదనపు హంగులను బట్టి ఇది మారుతుంది కనుక కొనబోయే వాహనం పట్టీనే చూడాలి. ట్రైలరు ముందుభాగం కొక్కెంపై మోపే భారాన్ని టంగ్ వెయిట్ అంటారు. ఇది కూడా పేలోడ్‌లో భాగమే. చాలామంది మరచిపోయేది ఇక్కడే.

ఉదాహరణకు ఒక పికప్ ట్రక్కు లాగే సామర్థ్యం 9,000 పౌండ్లు, పేలోడ్ 1,500 పౌండ్లు అనుకుందాం. నిండా సామానుతో 7,000 పౌండ్లు తూగే ట్రైలరుకు పన్నెండున్నర శాతం చొప్పున టంగ్ వెయిట్ 875 పౌండ్లు. కొక్కెం సామగ్రి 100, నలుగురు మనుషులు 600 కలిపితే మొత్తం 1,575. హద్దు దాటిపోయింది, సామాను ఇంకా ఎక్కనే లేదు. మనుషులకు, కొక్కేనికి, 200 పౌండ్ల సామానుకు పోగా మిగిలేది 600 పౌండ్లు. అంటే ఈ కుటుంబానికి తగిన ట్రైలరు 4,800 పౌండ్లకు మించరాదు. ప్రకటించిన సామర్థ్యంలో ఇది సగం కంటే కొంచెమే ఎక్కువ.

ట్రైలరు విషయంలో ఖాళీ బరువును నమ్మరాదు. నలభై గ్యాలన్ల నీరే సుమారు 334 పౌండ్లు తూగుతుంది. దాని గరిష్ఠ అనుమత బరువుతోనే లెక్క కట్టడం క్షేమం.

బరువు సర్దుబాటు

ఎద్దుల బండి తోలినవారికి ఈ సూత్రం తెలిసినదే. బరువు వెనుకకు జరిగితే నొగ పైకి లేస్తుంది, ముందుకు జరిగితే కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది. ట్రైలరు మొత్తం బరువులో 10 నుండి 15 శాతం కొక్కెంపై పడాలి. అంతకు తగ్గితే వేగం పెరిగినప్పుడు ట్రైలరు అటూఇటూ ఊగి, లాగే వాహనాన్ని సైతం పల్టీ కొట్టించగలదు. ఊగడం మొదలైతే వాహనం బ్రేకును గట్టిగా తొక్కరాదు, స్టీరింగును విపరీతంగా త్రిప్పరాదు. యాక్సిలరేటరు వదలి, ట్రైలరు బ్రేకులను మాత్రమే చేతితో మెల్లగా వేయాలి. ఇందుకు డ్రైవరుకు అందేటట్లు బ్రేక్ కంట్రోలర్ అమర్చుకోవాలి.

భారాన్ని ముందు ఇరుసుకు, ట్రైలరు ఇరుసులకు పంచే ప్రత్యేక కొక్కేలు కూడా ఉన్నాయి. ఇవి వాహనాన్ని సమంగా నిలుపుతాయే గాని తయారీదారు విధించిన పరిమితులను పెంచవు.

తూకం

అమెరికా రహదారుల ప్రక్కన లారీలు ఆగే ట్రక్ స్టాపులలో కాటాలు ఉంటాయి. ప్రయాణానికి సిద్ధమైన సామానుతో, మనుషులతో ఒకసారి ట్రైలరుతోను, మరొకసారి ట్రైలరు విప్పి వాహనాన్ని మాత్రమే తూచి, వచ్చిన అంకెలను తలుపుపై ఉన్న పట్టీలతో సరిచూసుకోవచ్చును.