కనబడని పనివారల క్షేమము

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టునుగూర్చి 2021 జనవరిలో దేశమంతయు వినెను. ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో దానిని ప్రశంసించిరి. అమ్ముడుపోక కుళ్లిన కూరలు దినమునకు సుమారు 10 టన్నులు. పూర్వము వానిని పారవేయుటయే పని. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారి పద్ధతిని అనుసరించి అచట నెలకొల్పిన యంత్రాగారము ఆ చెత్తనుండి దినమునకు 500 యూనిట్ల విద్యుత్తును, వంటశాలకు ఇంధనమును తీసెను. ఇందు యంత్రము చేసినది కొంతయే. అసలు పని గాలి చొరని తొట్టిలో నుండి చెత్తను మండెడి వాయువుగా మార్చిన సూక్ష్మజీవులది.

ఇట్టి జీవులే మన చెరువులలోను, వాగులలోను, పొలముల మట్టిలోను మాలిన్యమును హరించుచున్నవి. వానికి కూలి లేదు, మొర లేదు. కాని విషము తగిలినచో అవియు చచ్చును. కర్మాగారమునుండి వెడలిన రసాయనము చేపను చంపినచో కంటికి కనబడును. సూక్ష్మజీవిని చంపినచో నీరు కుళ్లిన పిమ్మటగాని తెలియదు.

ముందుగా తెలిసికొను మార్గము లేకపోలేదు. పెక్కు ధనికదేశములు చేరిన ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ 1984లో ఒక పరీక్షను నిర్ణయించి 2010లో సవరించినది. మురుగునీటి శుద్ధిశాలలోని సజీవమైన బురదను పాత్రలలో పోసి, ఆహారముతోపాటు రసాయనమును వేర్వేరు మోతాదులలో కలుపుదురు. పోల్చి చూచుటకు ఒకదానిలో కలుపరు. మూడు గంటల పిమ్మట ఆ జీవులు ఎంత ప్రాణవాయువును పీల్చుచున్నవో కొలుతురు. ఏ మోతాదున ఆ శ్వాస సగమునకు తగ్గునో అదియే విషబలమునకు కొలత. బోయిన్‌పల్లి తొట్టిలోవలె గాలి లేక బ్రతుకు జీవులకు వేరొక పరీక్ష 2007లో వచ్చినది. అందు శ్వాసకు బదులు పుట్టిన వాయువును కొలుతురు. ఇవి గంటలలో, దినములలో ముగియు పనులేగాని ఏండ్ల పనులు కావు.

ఇక బోయిన్‌పల్లికి అంత దూరము కాని పటాన్‌చెరువును చూడుడు. సుమారు 90 మందుల కర్మాగారముల మురుగునీరు చేరిన శుద్ధిశాలనుండి వెలువడిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములను ప్రకటించిరి. అందు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. కొన్ని సూక్ష్మజీవులకు విషమగు మోతాదునకు ఇది వేయిరెట్లకు మించినది. శుద్ధి చేసిన నీరని పేరు. శుద్ధి చేయవలసిన జీవులకే అది మృత్యువు. చావక మిగిలినవి ఆ మందునకు లొంగని జాతులై ప్రబలును. అట్టి క్రిమి మన బిడ్డకు సోకిన దినమున వైద్యుని చేతి మందు వ్యర్థమగును. కావున చచ్చినవానిని లెక్కించుటతో పరీక్ష ముగియరాదు, లొంగనివానినిగూడ వెదకవలెను.

పరిశ్రమలు వలదని మేము చెప్పుటలేదు. మందుల కర్మాగారములు వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టుచున్నవి. మేము కోరునది ఇంతే: కర్మాగారపు నీటిని వాగులోనికి విడుచుటకు ముందు ఈ పరీక్ష జరుగవలెను; దాని ఫలితమును దిగువ గ్రామములవారికి తెలుగులో తెలుపవలెను. వాగు క్రింద భూములు గలవారును, నగరములో కొళాయినీరు త్రాగువారును ఆ లెక్కను అడుగుదురుగాక. తన చేనికి పారు నీటిలో ఏమున్నదో అడుగుట రైతునకు గల హక్కు.