ఏనుగును కొని అంకుశానికి బేరం

గత వేసవి సెలవులలో ఒకనాటి సాయంత్రం మా పూర్వవిద్యార్థి ఒకతడు స్టాంపు కాగితం చేతబట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పదకొండు సంవత్సరాలు దుబాయిలో ఒక వ్యాపారి ఇంట కారు నడిపి, కూడబెట్టిన సొమ్ముతో స్వదేశానికి తిరిగివచ్చినవాడు. "సార్, సెకండ్‌హ్యాండు కారు ఒకటి కొంటున్నాను. ఒప్పందపత్రం మంచి తెలుగులో రాసిపెట్టాలి" అన్నాడు. హైదరాబాదులో ఒక మధ్యవర్తి వద్ద చూసిన జర్మనీ దేశపు విలాస సెడాను అది. 2013 మోడలు, మీటరు మీద 62 వేల కిలోమీటర్లు, ధర 11 లక్షలు. అప్పటికే 25 వేల రూపాయలు బయానా ఇచ్చివేశాడు. అక్కడ యజమాని కోసం ఏ తరగతి కారు నడిపాడో, ఇది అదే తరగతి కారట. "పదకొండేళ్లు ఆ కారు ముందుసీటులో కూర్చున్నాను సార్. అమ్మీని ఒక్కనాడైనా వెనుకసీటులో కూర్చోబెట్టాలని ఉంది" అన్నాడు.

కారును ఎవరిచేతనైనా పరీక్ష చేయించావా అని అడిగాము. పరీక్షించేవాడు అయిదువేలు అడిగాడనీ, కారు అద్దంలా మెరుస్తూ ఉండగా ఆ అయిదువేలు దండుగ అనీ జవాబిచ్చాడు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినవానిని గూర్చి మన పెద్దలు ఏనాడో సామెత చెప్పి ఉన్నారు. ఒప్పందపత్రం వ్రాయడం వాయిదా వేసి, వచ్చిన ఆదివారం అతనితో కలిసి హైదరాబాదుకు ప్రయాణమయ్యాము. తెలుగు పాఠం చెప్పుకొనేవారికి మోటారు కార్ల గొడవ ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. మా అబ్బాజాన్ విజయవాడ ఆటోనగరులో జీవితమంతా మోటారు మేస్త్రీగా పనిచేశారు. ఛందస్సు కంటె ముందుగా మా చెవికి పట్టుబడినది ఇంజను చప్పుడే.

బి.ఎం.డబ్ల్యు. 5 సిరీస్, మెర్సిడెస్ ఇ-క్లాస్, ఆడి ఎ6 మొదలైనవి ఈ తరగతికి చెందిన కార్లు. క్రొత్తగా ఉన్నప్పుడు నలభై లక్షలు దాటి ఖరీదు చేసిన ఇటువంటి కారు పది పన్నెండేళ్లు గడిచేసరికి అందులో నాలుగోవంతుకు దిగివస్తుంది. స్థితిపరులు నాలుగైదేళ్లకొకసారి కారు మార్చివేస్తారు. వారంటీ గడువు ముగిసిన కారును కొనడానికి జంకేవారు ఎక్కువ. అందువలన ధర వేగంగా పడిపోతుంది. పడిపోనిది విడిభాగాల ధర. అటువంటి కారుకు ఒక్క హెడ్‌లైటు మార్చవలసి వచ్చినా లక్ష రూపాయలు దాటవచ్చు. ఆ లైటుకు కారు వయస్సు తెలియదు. నలభై లక్షల కారు పదకొండు లక్షలకు చేతులు మారుతున్నదే తప్ప, పోషణ విషయంలో అది ఇప్పటికీ నలభై లక్షల కారే. ఈ సంగతి తలకెక్కిన తరువాత పరీక్ష చేసే దృష్టి దానంతట అదే మారుతుంది. మెరుగు చూడడం మాని, ఇంతవరకు దీనిని ఎవరు ఎట్లా మేపారో చూడవలసి ఉంటుంది.

కారును చల్లబడిన ఇంజనుతో చూడాలి. రాత్రంతా నిలిచిన కారును మొదటిసారి స్టార్టు చేసినప్పుడు వినిపించే చప్పుడు, కనిపించే పొగ మరల ఆ రోజంతా దొరకవు. మేము వచ్చేవరకు స్టార్టు చేయవద్దని ముందురోజే ఫోనులో చెప్పి ఉన్నాము. వెళ్లి చేయి పెట్టి చూస్తే బానెట్టు వెచ్చగా ఉంది! కడిగి పెట్టామండీ అని మధ్యవర్తి నవ్వాడు. మేమూ నవ్వి, భోజనం చేసివచ్చి, నాలుగు గంటలపాటు అక్కడే బల్ల మీద కూర్చున్నాము.

పొగ సంగతి తేలికైనదే. నీలిరంగు పొగ ఇంజను నూనె మండుతున్నదని చెబుతుంది. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకుండా వస్తూ, తీపి వాసన వేస్తే కూలెంటు సిలిండరులోకి దిగుతున్నదని అనుమానించాలి. డీజిలు కారు ఒత్తి త్రొక్కినప్పుడు కొద్దిగా నల్లపొగ వదలవచ్చును గాని, నిలకడగా నడిచేటప్పుడు వదలకూడదు.

చప్పుడు సంగతి అంత తేలిక కాదు. ఒక ఉదాహరణ చెబుతాము. మేము చూసిన కారును గూర్చి కాదు, అందరూ ఎరిగిన బి.ఎం.డబ్ల్యు. 520డి గూర్చి. 2007లో వచ్చిన ఎన్47 అనే డీజిలు ఇంజను కొన్నేళ్లపాటు ఈ కారులో ఉండేది. 2014 నుండి దాని స్థానంలో బి47 వచ్చింది. ఇంజను లోపలి కవాటాలను క్రమం తప్పకుండా తెరిచి మూసే టైమింగ్ చైను సాధారణంగా ఇంజను ముందువైపున ఉంటుంది. ఎన్47లో అది వెనుకవైపున, గేరుబాక్సును ఆనుకొని ఉన్నది. తొలినాళ్లలో తయారైన ఇంజన్లలో ఈ చైను అరిగి తెగిన సందర్భాలు ప్రపంచమంతటా వినవచ్చాయి. చైను స్వయంగా పెద్ద ఖరీదైన వస్తువు కాదు. దానిని చేరుకోవడానికి ఇంజనునో గేరుబాక్సునో దింపవలసి రావడమే ఖర్చు. తెగిందా, పిస్టన్లు కవాటాలను ఢీకొని ఇంజనే పోతుంది. కనుక అటువంటి కారును చూసేవారు బానెట్టు ఎత్తి ముందు నిలబడితే చాలదు. ఇంజను వెనుక, అద్దం వైపు చెవి పెట్టి, చల్లని ఇంజనును కొద్దిగా రెయిజు చేయించి, గొలుసు ఈడ్చినట్టి గరగర చప్పుడు ఉన్నదేమో వినాలి. మెర్సిడెస్ వారి ఓఎం651 డీజిలు ఇంజనులో కూడా చైను వెనుకవైపుననే ఉంటుంది.

ఇదే 520డి 2018లో దక్షిణ కొరియాలో మరొక విధంగా వార్తలకెక్కింది. పొగను తిరిగి ఇంజనులోకి పంపే ఇ.జి.ఆర్. భాగంలోని కూలరు కారి, కొన్ని కార్లకు నడుస్తూ ఉండగానే మంటలు అంటుకున్నాయి. ఆ దేశంలో లక్షకు పైగా కార్లను కంపెనీ వెనక్కి పిలిపించి మరమ్మతు చేసింది. తరువాత ఇతర దేశాలకూ ఆ పని విస్తరించింది. అందుచేత కొనదలచిన కారు ఏ కంపెనీదైనా సరే, దాని 17 అక్షరాల ఛాసిస్ నంబరు వ్రాసుకొని, కంపెనీ పిలుపు ఏదైనా బాకీ ఉన్నదేమో అధీకృత సర్వీసు కేంద్రంలో అడగడం మంచిది. ఆ నంబరు రిజిస్ట్రేషన్ కార్డులోని నంబరుతో అక్షరమక్షరం సరిపోవాలి.

ఆటోమేటిక్ గేరుబాక్సును నెమ్మదిగా నడిపి చూడాలి. వేగంగా నడిపితే దాని లోపాలు దాగిపోతాయి. నిలిచిన కారును డ్రైవులో వేసిన పిమ్మట కదలికకు ఆలస్యమైనా, ఆగబోతున్న కారు వెనుకనుండి ఎవరో నెట్టినట్లు కుదుపునిచ్చినా అనుమానించవలసిందే. ఇక్కడ ఒక చిక్కు కలదు. ఈ గేరుబాక్సు నూనెను జీవితకాలం మార్చనక్కరలేదని కార్ల కంపెనీలు చెబుతూ వచ్చాయి. బి.ఎం.డబ్ల్యు. మొదలైనవారికి ఎనిమిది గేర్ల పెట్టెను తయారుచేసి ఇచ్చే జెడ్.ఎఫ్. సంస్థ మాత్రం 80 వేల నుండి 1,20,000 కిలోమీటర్ల మధ్య నూనె మార్చమంటుంది. ఎవరి జీవితకాలమో మరి! మొదటి యజమాని మూడేళ్లలో అమ్మివేస్తాడు కనుక అతనికి కంపెనీ మాట చాలును. మూడవ యజమానికి గేరుబాక్సు చేసినవాని మాటే శిరోధార్యం.

ఇక పైపూత. అబ్బాజాన్ ఇచ్చిపోయిన అయస్కాంతపు ముక్క ఒకటి మా వద్ద ఉన్నది. దెబ్బతిన్న రేకు మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే అయస్కాంతం అక్కడ అంటుకోదు; ఆయన ఎన్నో పాత అంబాసిడర్ల గుట్టు దానితోనే విప్పారు. బానెట్టు మీద పెట్టాము, జారిపడింది. మా విద్యార్థి ముఖం పాలిపోయింది. కాని అందులో దోషం కారుది కాదు, మాదే. ఈ తరగతి కార్లలో చాలవాటికి బానెట్టు అల్యూమినియముతో చేస్తారు. 2010లో వచ్చిన 5 సిరీస్‌కు తలుపులు కూడా అంతే. అల్యూమినియముకు అయస్కాంతం అంటదు. మాతో వచ్చిన పరీక్షకుని వద్ద రంగు మందాన్ని కొలిచే చిన్న యంత్రం ఉన్నది. రెండు లోహాల మీదా పనిచేస్తుంది. ఫ్యాక్టరీ రంగు సుమారు 100 నుండి 150 మైక్రాన్లు ఉంటుంది. పుట్టీ ఉన్నచోట అంకె ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ కారు ఎడమ వెనుక తలుపు వద్ద మాత్రమే అంకె పెరిగింది. అది పెద్ద నేరమేమీ కాదు.

నీట మునిగిన కారు మాత్రం పెద్ద నేరమే. 2015 డిసెంబరులో చెన్నైలోనూ, 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ వచ్చిన వరదలలో ఎన్నో కార్లు మునిగాయి. ఈ కార్లలో బ్యాటరీ తరచుగా డిక్కీలో ఉంటుంది. తీగలు, కంట్రోల్ యూనిట్లు కార్పెట్ల క్రింద ఉంటాయి. ఎండిన తరువాత కారు నడుస్తుంది. ఏడాదికో రెండేళ్లకో ఒక్కొక్క తీగే తుప్పుపట్టి ఇల్లు గుల్ల చేస్తుంది. సీటుబెల్టును చివరివరకు లాగి చూస్తే మురికి గీత కనబడవచ్చు. సీటు క్రింది పట్టాల తుప్పు, డిక్కీ చాప క్రింది బురద, అత్తరు చల్లినా పోని ముక్కవాసన కూడా సాక్ష్యం చెబుతాయి.

మా కారు ఈ పరీక్షలన్నిటిలో నెగ్గింది. మధ్యవర్తి ధైర్యంగా టీ తెప్పించాడు. అప్పుడు పరీక్షకుడు స్టీరింగు క్రింది గూటికి స్కానరు తగిలించాడు. ఈ తరగతి కార్లలో చాలవాటికి నడిచిన దూరం మీటరులోనే గాక మరికొన్ని కంట్రోల్ యూనిట్లలోనూ నమోదై ఉంటుంది; మీటరు దిద్దేవారు అన్నిటినీ దిద్దరు. మీటరు 62 వేలని చెబుతున్నది. ఒక యూనిట్‌లో 1,38,000 ఉన్నది. లోపాల జాబితా మొత్తం ఖాళీ. ఇంజను స్వయంగా చేసుకొనే పరీక్షలు ఇంకా పూర్తికాలేదని మాత్రం స్కానరు చూపింది. అంటే ఆ జాబితాను ఒకటి రెండు రోజుల క్రితమే తుడిచివేశారన్నమాట. అప్పుడు చూస్తే బ్రేకు పెడలు రబ్బరు అరిగి నున్ననై ఉంది. అది మొదటే మా కంటబడవలసింది. టైర్ల ప్రక్కన ముద్రించే నాలుగంకెలలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. నాలుగు టైర్ల మీద మూడు వేర్వేరు సంవత్సరాలు కనిపించాయి. మధ్యవర్తి "మాకు వచ్చినప్పుడే అట్లా ఉందండీ" అన్నాడు. ఎంతో వాదించగా బయానాలో పదివేలు తిరిగి ఇచ్చాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో మా విద్యార్థి మాట్లాడలేదు.

రెండు నెలల తరువాత అతనికి మరొక కారు దొరికింది. 2014 మోడలు, ఒక వైద్యునిది, ఒకే చేతిలో ఉన్నది. 1,04,000 కిలోమీటర్లు నడిచింది. ధర పన్నెండున్నర లక్షలు. ఎక్కువ నడిచిన కారుకు ఎక్కువ ధరా అని ఇంటివారు గొణిగారట. ఆ వైద్యుడు మొదటిరోజు నుండి ప్రతి సర్వీసు బిల్లునూ ఒక ఫైలులో కుట్టి ఉంచాడు; గేరుబాక్సు నూనె బిల్లు ఒక్కటే లేదు. భీమా పత్రంలో 50 శాతం నో క్లెయిమ్ బోనసు ఉన్నది. వరుసగా అయిదేళ్లు క్లెయిము లేకుంటేనే ఆ స్థాయికి చేరుతుంది. ఆ బోనసు యజమానికి చెందేదే గాని కారుతోపాటు కొన్నవానికి రాదన్న సంగతి కూడా చెప్పాము. కాగితాలున్న లక్ష కిలోమీటర్ల ముందు కాగితాలు లేని అరవైవేలు మాకు ఎందుకూ కొరగావు.

ఈసారి ఒప్పందపత్రం వ్రాసి ఇచ్చాము. కాని ఆ పత్రం వలన యాజమాన్యం మారదు. ఫారం 29, ఫారం 30 రవాణా కార్యాలయంలో దాఖలై, రిజిస్ట్రేషనులో పేరు మారాలి. రిజిస్ట్రేషనులో ఎవరి పేరుంటే ప్రమాద బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అమ్మేవారు మరవరానిది ఇది. కారు మీద అప్పు ఉండి ఉంటే ఫారం 35, బ్యాంకు పత్రం అడగాలి. భీమాను 14 రోజులలో తన పేరిట మార్పించుకోవడానికి దరఖాస్తు పెట్టాలి. ఢిల్లీనుండి వచ్చే కార్లు చవుకగా దొరుకుతాయి. పదేళ్లు దాటిన డీజిలు కార్లను అక్కడ 2015లో హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది, 2025 ఆగస్టులో అదే కోర్టు యజమానులపై కఠినచర్యలను నిలుపుచేసింది. కాని ఫారం 28 మీద అనుమతిపత్రం, ఇక్కడి జీవితకాలపు పన్ను, క్రొత్త నంబరు కలుపుకొంటే ఆ చవుక చాలవరకు కరగిపోతుంది. మరొకటి: మొదటి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. 2014 కారుకు 2029లో మరల దరఖాస్తు తప్పదు.

కారు ధర గాక రెండు లక్షలు విడిగా బ్యాంకులో ఉంచమని అతనికి గట్టిగా చెప్పాము. గేరుబాక్సు నూనె, ముందు చక్రాల ఆర్ములు, రెండు టైర్లు కలిసి ఇప్పటికి అందులో తొంభైవేలు ఖర్చయ్యాయి. అమ్మీకి మాత్రం వెనుకసీటు నచ్చలేదట. ముందు కూర్చుంటే దారి కనిపిస్తుందని కొడుకు ప్రక్కనే కూర్చుంటున్నారు.