ఇనాము పత్రముల సేకరణము

తామ్రశాసనము దొరికినదని విన్నచో పరిశోధకులు పరుగున పోవుదురు. ఆ యింటనే గుడ్డలో కట్టి అటుకపై వేసిన కాగితములను విప్పి చూచువారు అరుదు. మేము ఈ కాగితములనే ముందుగా చూడవలెనందుము. రాగిరేకునకు లేని చెదలభయము వీనికి గలదు.

మదరాసు ప్రభుత్వము 1858లో ఇనాము కమిషనును నెలకొల్పినది. జి. ఎన్. టైలరు దానికి కమిషనరు. పూర్వపు రాజులు, నవాబులు, జమీందారులు ఇచ్చిన మాన్యముల హక్కును విచారించి, క్విట్‌రెంటు నిర్ణయించి, టైటిలు డీడు లిచ్చుట దాని పని. దాత యెవరు, తొలి ప్రతిగ్రహీత యెవరు, భూమి యెంత యను వివరములు ఇనాము ఫెయిరు రిజిష్టరున కెక్కినవి. కాని ఆ రిజిష్టరు ఇంగ్లీషున నున్నది. గ్రామనామములు, ఇంటిపేర్లు, పుట్టి, కుచ్చెల వంటి కొలతల పేర్లు అందు రూపు మాఱినవి. వాని తెలుగురూపము తేల్చుటకు ఇంటి కాగితమే శరణ్యము. కాగితముపై ఫసలీ మాత్రమే యున్నచో 590 కలుపవలెను. ఫసలీ 1270 అనగా 1860 జూలైతో మొదలైన సంవత్సరము.

రాయలసీమలోని దశబంధ మాన్యములను చూడుడు. చెరువు కట్టించినవారికి, దానిని బాగుచేయు పూచీ వహించినవారికి ఇచ్చిన భూము లివి. పాతపత్రము దొరికినచోట ఆ పూచీ యెవరిది, ఎంతవఱకు అన్నది తెలియవచ్చును. కట్ట, తూము, కలుజు, మరువ మొదలగు మాటల వాడుకయు నిఘంటుకారునకు లభించును.

ఒక హెచ్చరిక. ఏబదియేండ్ల అనుభవమున్నచో కమిషను హక్కు నంగీకరించినది. అందుచే పత్రము లేనివారికిని మాన్యములు నిలిచినవి. పత్రమున్నంతమాత్రమున అది నిజమైనదనియు చెప్పరాదు. కూటపత్రమును పాఱవేయవలదు. అది పుట్టిన కాలపు భాషకు అదియు సాక్షియే.

1956 నాటి ఆంధ్ర ఇనాముల రద్దు చట్టము తరువాత ఇంటివారికి భయము పెరిగినది. కాగితము చూపినచో భూమి పోవునని శంకింతురు. మేము ఒక యింటికి మూడుమార్లు తిరిగితిమి. నాలుగవమారు కట్ట విప్పిరి గాని, చెదలు మాకంటె ముందే చదివి ముగించినవి!

కావున మూలమును అడిగి తీసికొనిపోవలదు. ఆ యింటి అరుగుపైననే కూర్చుండి, పంక్తికి పంక్తి, తప్పులతో సహా నకలు వ్రాసికొని, ఛాయాచిత్రము తీసి, వారి కన్నులయెదుటనే మరల ఆ గుడ్డలో కట్టి యీయవలెను.