చచ్చుపడిన చేయి - మరచిన చేయి

తెల్లవారి లేచి పంచె సవరించుకొనబోయిన మనుష్యునకు కుడిచేయి లేవదు. మాట ముద్దగా వచ్చును. మూతి ఒక ప్రక్కకు వంగును. ఇంటివారు పక్షవాతమందురు, వైద్యులు స్ట్రోక్ అందురు. మెదడునకు నెత్తురు కొనిపోవు నాళమున గడ్డ అడ్డుపడుటయో, నాళమే చిట్లుటయో దీనికి కారణము. అట్టివానిని ఒక్క నిమిషమైనను జాగు సేయక ఆసుపత్రికి చేర్పవలెను. ఏలనగా గడ్డను కరిగించు మందు సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల మాత్రమే ఈయదగినది. నేటి నా ప్రసంగము ఆ గండము గడచి రోగి ఇంటికి వచ్చిన పిదప జరుగు కథను గూర్చినది.

శ్రోతలారా, ఆ ఇల్లు మీరెరిగినదే. కుడిచేయి ఒడిలో పడియుండును. ఎడమచేత భుజించుట మనలో మర్యాద గాదు. కావున భార్యయో కోడలో అన్నము కలిపి ముద్దలు నోటికందించును. కుమారుడు చొక్కా తొడుగును. ఎడమచేయి పడిపోయిన వాని సంగతి మరియొక తీరు. తినుట, వ్రాయుట, తాళము తీయుట, అన్నియు కుడిచేతనే సాగిపోవును. ఆరు నెలలు తిరుగునప్పటికి తనకు ఎడమచేయి యొకటి కలదన్న మాటయే అతడు మరచును. ఈ రెండిండ్లలోను ఉన్నది ప్రేమయే. కాని ఆ ప్రేమ వలననే చేయి మరింత చచ్చుపడుచున్నదా అనునది విచారింపవలసిన ప్రశ్న.

మెదడులో ఎడమభాగము దేహపు కుడివైపును, కుడిభాగము ఎడమవైపును నడపును. 1870లో ఫ్రిట్ష్, హిట్జిగ్ అను జర్మనీ దేశపు వైద్యులిరువురు కుక్క మెదడుపై ఒకచోట స్వల్పమైన విద్యుత్తు తగిలింపగా ఎదుటివైపు కాలు కదలెను. నాటినుండి శాస్త్రజ్ఞులు మెదడును పొలమువలె కొలిచి, ఇది చేతి మడి, ఇది కాలి మడి, ఇది ముఖపు మడి అని హద్దులు గీచిరి. చచ్చిన నాడీకణములు అచ్చట తిరిగి మొలవవు. అందుచేత ఒక మడి ఎండినచో దాని పంట శాశ్వతముగా పోయినట్లే యని పండితులు చిరకాలము నమ్మిరి. ఇందు సగమే నిజము. మడులకు గట్లు కలవు గాని అవి రాతిగట్లు కావు. వాడుకనుబట్టి అవి జరుగును. మెదడునకు గల ఈ గుణమునే నేడు న్యూరోప్లాస్టిసిటీ యనుచున్నారు. ప్లాస్టిక్ అనగానే మనకు బిందెలు, సంచులు తోచును. మూలమైన గ్రీకు మాటకు మట్టిని మలచినట్లు మలచుట యని అర్థము.

ఈ సంగతి తెలియవచ్చిన విధము విచిత్రమైనది. 1895లో ఇంగ్లండున మాట్, షెరింగ్టన్ అనువారు కోతిచేతినుండి స్పర్శను మోసికొనిపోవు నాడీమూలములను వెన్నుపాము చెంత కోసిరి. చేతిని కదలించు నాడులను వారు ముట్టలేదు. అయినను కోతి ఆ చేతిని వాడుట మానివేసెను. స్పర్శ లేనిదే కదలిక లేదని అందరును తీర్మానించుకొనిరి. సుమారు 60 ఏండ్ల తరువాత ఎడ్వర్డ్ టాబ్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు అదియే పని చేసి, దానికి మరియొక చిన్నపని చేర్చిరి. కోతియొక్క మంచిచేతిని కట్టివేసిరి. అంతట ఆ మొద్దుబారిన చేయి ఆహారమునకై చాచబడెను!

మరి కోతి అన్నాళ్లు ఆ చేతిని ఏల వాడలేదు? టాబ్ చెప్పిన సమాధానము మన ఇండ్లకు సరిగా అతుకును. శస్త్రము జరిగిన క్రొత్తలో నాడీమండలము దిగ్భ్రమ చెందియుండును. అప్పుడు ఆ చేయి నిజముగానే కదలదు. కోతి దానితో ఆహారమునందుకొనబోయి విఫలమగును, తూలి పడును. మంచిచేతితో ప్రయత్నించిన పని నెరవేరును. కొన్ని నెలలకు దిగ్భ్రమ తీరి, చేతికి కదలు శక్తి వచ్చును. కాని అప్పటికే అది పనికిరాదను పాఠమును కోతి నేర్చుకొనియున్నది. ఇది నేర్చుకొన్న నిరుపయోగము. చేయి చచ్చుటలో కొంతపాలు గాయమునకు చెందినది, కొంతపాలు పాఠమునకు చెందినది. గాయమును మాన్పలేకపోవచ్చును, పాఠమును మరపింపవచ్చును.

ఇట్టి సూచన 1917లోనే అమెరికాలో ఆగ్డెన్, ఫ్రాంజ్ అనువారు చేసియుండిరి. మెదడు దెబ్బతిన్న కోతుల మంచిచేతిని కట్టి, పడిపోయిన చేతిచే పని చేయింపగా అవి కోలుకొనెను. వైద్యలోకము ఆ మాటను పెక్కేండ్లు పట్టించుకొనలేదు. కోతుల కష్టమును గూర్చియు ఒక మాట చెప్పకపోవుట న్యాయము గాదు. 1981లో మేరీలాండు రాష్ట్రమందలి సిల్వర్ స్ప్రింగులో నున్న టాబ్ ప్రయోగశాలనుండి పోలీసులు కోతులను కొనిపోయిరి. ఆయనపై అభియోగము నడచెను. పడిన శిక్ష 1983లో పై న్యాయస్థానమున రద్దయ్యెను. ఆ కోతులలో కొన్నిటి మెదళ్లను పిమ్మట పరిశీలింపగా, నాడులు కోసిన 12 ఏండ్లకు, చేతి స్పర్శకు చెందిన మడి ముఖస్పర్శకు పలుకుచుండెను. యజమాని సాగుచేయని మడిని పొరుగువాడు దున్నుకొనెను. 1991లో ఇది ప్రకటింపబడెను.

దున్నుకొను ఈ స్వభావమే రోగికి మేలుగా తిరుగవచ్చునని 1996లో రాండాల్ఫ్ నూడో, ఆయన సహచరులు చూపిరి. వారు స్క్విరల్ కోతుల మెదడులో చేతిమడియందు కొంతభాగమును దెబ్బతీసిరి. ఊరక విడిచిన కోతులలో చుట్టునున్న మంచిభాగము సయితము చేతిపని మానెను. కాని చిన్న చిన్న గుంటలలోనుండి ఆహారపు ఉండలను వ్రేళ్లతో తీయుట నేర్పిన కోతులలో ఆ భాగము నిలిచెను. కొన్నిటిలో మోచేతి, భుజపు మడులలోనికి వ్యాపించెను. దీనిని చదివినప్పుడు నాకు మన ఆడువారి వామనగుంటల పీటయు, చింతపిక్కలును గుర్తునకు వచ్చెను. వ్రేళ్లకు అంతకంటె చక్కని వ్యాయామము విదేశములనుండి తెప్పింపనక్కరలేదు. అన్నము కలిపి ముద్ద చేయుట యందును చెంచా పట్టుటకంటె వ్రేళ్లకు పని ఎక్కువ.

మనుష్యులలో దీనిని పరీక్షించిన గొప్ప ప్రయత్నము ఎక్సైట్ అను పేర అమెరికాలో జరిగెను. స్ట్రోక్ వచ్చి 3 మొదలు 9 నెలలైన 222 మందిని తీసికొనిరి. కొందరికి మంచిచేతికి దళసరి తొడుగు వేసి, మేలుకొనియున్న కాలములో 90 శాతము దానిని తీయకుండ, రెండు వారములు పడిపోయిన చేతిచే దినమునకు ఆరుగంటలవరకు పని చేయించిరి. వీరు మామూలు చికిత్స పొందినవారికంటె ఎక్కువ బాగుపడిరి. ఏడాది గడచినను ఆ మేలు నిలిచెను. ఈ ఫలితములు 2006లో వెలువడెను. అయితే మణికట్టును, వ్రేళ్లను కొంచెమైనను పైకెత్తగలవారినే ఈ పరీక్షలో చేర్చుకొనిరి. వ్రేలు బొత్తిగా కదలనివానికి ఈ పద్ధతి పనికివచ్చునని చెప్పుట మోసమగును.

ఎన్నిమారులు చేయవలెనని మీరడుగవచ్చును. ప్రయోగములలో జంతువులు ఒక్కనాడే వందలమారులు ఒకే పని చేసెను. అమెరికా, కెనడా చికిత్సాలయములలో ఎంచి చూడగా, రోగి ఒక్క విడతలో చేతితో చేసిన పనికివచ్చు కదలికలు సగటున 32 మాత్రమేయని 2009లో తేలెను. అక్కడనే ఇంత తక్కువైనచో, వారమున కొకమారు వచ్చి చేయి నిమిరి పోవు మనిషివలన ఏమగును?

తొందరయు తగదు. 1996లో ఎలుకల మెదడు గాయపడిన వెంటనే మంచికాలిని కట్టి, చెడినకాలిచే బలవంతముగా పని చేయింపగా గాయము పెరిగెను. 2015లో ప్రకటించిన అవర్ట్ అను పరీక్షలో 5 దేశములలోని 2104 మంది రోగులను చూచిరి. 24 గంటలలోపలనే మాటిమాటికి లేపి నిలుపబడినవారిలో మూడునెలలకు తమ పనులు తాము చేసికొనగలిగినవారు 46 శాతము. మామూలు రీతిని చూడబడినవారిలో 50 శాతము. కనుక ఎప్పుడు మొదలిడవలెనో, ఎంత చేయవలెనో వైద్యునడిగియే చేయుడు. ఇంటివద్ద మీయంతట మీరు మంచిచేతిని కట్టివేయకుడు. తూలినప్పుడు పట్టుకొనుటకు ఆధారము లేక రోగి తుంటి విరుగగలదు.

2021లో మెడయందలి వేగస్ నాడికి చిన్న విద్యుత్ యంత్రమును అమర్చు చికిత్సను అమెరికా ప్రభుత్వము అంగీకరించెను. 108 మందిపై జరిగిన పరీక్ష దానికాధారము. ఈ యంత్రము రోగి నిద్రించుచుండగా పనిచేసి చేతిని బాగుచేయునది కాదు. రోగి చేయి చాచి గిన్నెను పట్టబోవుచున్న ఆ క్షణముననే నాడిని తాకింతురు. అతని గిన్నెను మరియొకరు అందించిరేని యంత్రమునకు పనియే లేదు.