సలీం అలీకి గురువైన జర్మన్ పక్షుల పండితుడు

మందులషాపు యజమాని కొడుకు. ఇరవయ్యేళ్లకే ఓడెక్కి తూర్పు దీవులకు వెళ్లాడు. బెర్లిన్ మ్యూజియంలో కూర్చుని ప్రపంచానికి పక్షుల్ని చూసే కొత్త చూపునిచ్చాడు. ఆ చూపే సలీం అలీతో కలిసి మన నల్లమల దాకా నడిచొచ్చింది. ఆయనే ఎర్విన్ స్ట్రెసెమాన్.

గిజిగాడి గూడు చూడనివాళ్లు మన పల్లెల్లో ఉండరు. ఈతచెట్టుకో, తుమ్మచెట్టుకో, బావిలోకి వంగిన కొమ్మకో వేలాడుతుంటే చూసి 'ఎంత పనితనం!' అని ముచ్చటపడతాం. సత్తెనపల్లికి అంత దూరమేమీ కాని వినుకొండలో పుట్టిన జాషువా ఆ పిట్టమీద కవితే రాశారు. అయితే ఆ గూటి వెనకున్న సంసారం గుట్టు వివరంగా లోకానికి తెలిసింది 1930 తర్వాతే. విప్పినవారు సలీం అలీ. గంటల తరబడి గూటి ముందు కూర్చుని చూడటమూ శాస్త్రమేనన్న ధీమా ఆయనకు దొరికింది మాత్రం బెర్లిన్‌లో... స్ట్రెసెమాన్ దగ్గర!

తెల్ల గోరువంక దొరికింది

స్ట్రెసెమాన్ 1889 నవంబరు 22న జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టారు. చిన్నప్పటి నుంచీ పిట్టల పిచ్చి. చదువు పూర్తికాకుండానే 1910లో ఒక పరిశోధక బృందంతో కలిసి మలయా, బాలి, సేరం దీవులకు బయల్దేరారు. బాలిలో ఆయనకో వింత గోరువంక కనిపించింది. ఒళ్లంతా మల్లెపూవులా తెలుపు. రెక్కల అంచులు, తోక చివర నలుపు. కళ్లచుట్టూ నీలిరంగు. అప్పటిదాకా శాస్త్రానికి తెలియని ఆ పక్షిని 1912లో ఆయనే లోకానికి పరిచయం చేశారు. అదే బాలి మైనా.

సేరం దీవిలో పిట్టల్నే కాదు, మనుషుల్నీ గమనించారు. అక్కడి పౌలోహి అనే భాష నేర్చుకుని దానిమీద ఏకంగా పుస్తకమే రాశారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1921లో బెర్లిన్ జంతుశాస్త్ర మ్యూజియంలో పక్షుల విభాగం బాధ్యత చేపట్టారు.

చర్మాల నుంచి ప్రాణం వైపు

ఆ రోజుల్లో పక్షిశాస్త్రమంటే చాలావరకు ఒకటే పని. పిట్టను కాల్చడం, చర్మం ఒలిచి దూది కూరడం, ముక్కునీ రెక్కనీ కొలిచి పేరు పెట్టడం. స్ట్రెసెమాన్ అక్కడితో ఆగలేదు. పిట్ట ఎలా ఎగురుతుంది, ఈకలు ఎప్పుడు రాలుస్తుంది, జత ఎలా కడుతుంది, ఒకే జాతి ఊరూరికీ ఎందుకు మారుతుంది... ఇవన్నీ శాస్త్రమే అన్నారు. 1927 నుంచి 1934 దాకా భాగాలుగా వెలువడిన ఆయన 'ఆవెస్' గ్రంథం ఆ మార్పుకి పునాది.

మనుషుల్ని గుర్తించడంలోనూ ఆయనది డేగచూపే. 1923లో ఎర్నెస్ట్ మయర్ అనే కుర్రాడు, సాక్సనీలో ఏళ్ల తరబడి ఎవరికీ కనబడని ఎర్రతల బాతుల జంటను చూశానంటే ఎవరూ నమ్మలేదు. స్ట్రెసెమాన్ మాత్రం పిలిపించి గుచ్చిగుచ్చి అడిగి, నిజమని తేల్చుకున్నారు. వైద్యవిద్యార్థి అయిన ఆ కుర్రాణ్ని పక్షుల వైపు మళ్లించారు. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప పరిణామ శాస్త్రవేత్తల్లో ఒకడయ్యాడతను.

డిగ్రీ అడగని గురువు

ఇక మన సలీం అలీ సంగతి. పిట్టల గురించి ఎంత తెలిసినా చేతిలో సరైన డిగ్రీ లేదు. ఆ కారణంగానే ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం దక్కలేదు. బొంబాయి మ్యూజియంలో సందర్శకులకు వివరాలు చెప్పే కొలువు చేస్తూ, పైశిక్షణ కోసం ప్రయత్నించారు. లండన్ నుంచి ఆశాజనకమైన జవాబు రాలేదు. బెర్లిన్ నుంచి స్ట్రెసెమాన్ మాత్రం ఆప్యాయంగా రమ్మన్నారు. తెల్లవాళ్ల పాలనలో మగ్గుతున్న దేశం నుంచి వచ్చినవాణ్ని ఆ జర్మన్ తమలో ఒకడిగా చూశారు. సలీం అలీ చివరిదాకా ఆయన్ని 'గురువు' అనే చెప్పుకొన్నారు.

1930లో తిరిగొచ్చేసరికి బొంబాయిలో ఉద్యోగం ఊడింది. డబ్బుల్లేవని మ్యూజియంవాళ్లు ఆ కొలువే ఎత్తేశారు. సలీం అలీ భార్య తహమీనాతో కలిసి సముద్రం పక్కన కిహీం గ్రామానికి మకాం మార్చారు. అక్కడ చెట్టునిండా గిజిగాడి గూళ్లు! ఇంకేం, కొన్ని నెలలు వాటి ముందే కాపురం. అప్పుడు తేలింది అసలు సంగతి. మగపిట్ట గూడు సగమే అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. ఆడది గుడ్లు పెట్టగానే మగరాయుడు ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకొకర్తెను పిలుస్తాడు. ఎవరికీ నచ్చని గూళ్లు అలా సగంలోనే మిగిలిపోతాయి.

కృష్ణ అవతలి ఒడ్డున

తర్వాత ఆయన జీతం అడగకుండా సంస్థానాల్లో పక్షుల లెక్కకు పూనుకున్నారు. మొదటిది 1931లో నిజాం రాజ్యం. పల్నాడుకు కృష్ణ అవతలున్న నల్లమలలో మన్ననూరు, ఫరహాబాద్ ప్రాంతాలూ తిరిగారు. మన గడ్డమీదే ఉండి 1900 తర్వాత కనబడని కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాన్ని వెతికి పట్టింది ఆయన పెంచిన బొంబాయి సంస్థకు చెందిన పరిశోధకుడే. మరుసటేడే, 1987లో, సలీం అలీ కన్నుమూశారు.

గురువుగారు రెండో ప్రపంచయుద్ధంలో బెర్లిన్ శిథిలాలవడం చూశారు. తర్వాత తూర్పు బెర్లిన్‌లో ఉండిపోయిన మ్యూజియాన్ని నిలబెట్టే పనిలో పడ్డారు. పక్షిశాస్త్ర చరిత్ర రాశారు. భార్య వెస్టాతో కలిసి ఈకలు రాలడంమీద 1966లో పెద్ద గ్రంథం తెచ్చారు. 1972 నవంబరు 20న, 83 ఏళ్లు నిండటానికి రెండు రోజుల ముందు కన్నుమూశారు.

ఆయన కనిపెట్టిన బాలి మైనా అందమే దానికి శాపమైంది. పంజరాల కోసం పట్టిపట్టి, అడవిలో వేళ్లమీద లెక్కపెట్టేంతకు తెచ్చారు. పెంచి తిరిగి వదలడం వల్లే ఆ జాతి ఇంకా మిగిలుంది.

మన పత్తిచేలకూ ఇందులో పాఠముంది. పురుగుల్ని తినే పిట్టలు వాలేందుకు చేలో పంగలకర్రలు పాతమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతుంటారు. కర్ర పాతితే పసులపోలిగాడు వచ్చి వాలుతుంది, పచ్చపురుగును ఏరుకు తింటుంది. మందు డబ్బా భుజాన వేసుకునే ముందు కాసేపు గట్టుమీద కూర్చుని చూస్తే అది ఎన్నిసార్లు దిగిందో, ఎన్ని పురుగులు పట్టిందో మనకే తెలుస్తుంది. దానికి డిగ్రీ అక్కర్లేదు... ఓపిక చాలు.