గాజుతొట్టెలో వాగుచేపలు

సెలవులు వచ్చినవనగానే మన పిల్లలలో పలువురు వాగుగట్టునకు పరుగెత్తుదురు. సండూరు కొండల నడుమ పారు నారిహళ్ళము వంటి వాగులయందును, చెరువు తూముల క్రిందను, పైగుడ్డతో చిరుచేపలను పట్టి సీసాలో నింపి తెచ్చుట కూరెకుప్ప పరిసరముల బాలబాలికలకు క్రొత్త కాదు. ఆ చేపలు నాలుగవనాటికి వెల్లకిల తేలుటయు క్రొత్త కాదు. పట్టుట సులభము, బ్రతికించుట కష్టము. అవి ఏల చచ్చుచున్నవో, ఎట్లు బ్రతికింపవచ్చునో ఇచ్చట వివరింపదలచితిమి.

ముందుగా మా పొరపాటు నొకదానిని చెప్పుదుము. కొన్నేండ్ల క్రిందట వేసవి సెలవులలో మేము పిల్లలతో కలసి ఒక మడుగునుండి ఇరువది పరిగెలను తెచ్చి, నాడే కొన్న తొట్టెలో మంచినీరు పోసి వదలితిమి. పిల్లలు సంతోషము పట్టలేక పిడికిళ్లతో బొరుగులు చల్లిరి. మూడు దినములలో ఒక్క చేపయు మిగులలేదు. "సార్, నీళ్లు తేటగానే ఉన్నాయి కదా, ఎందుకు చచ్చిపోయాయి?" అని ఒక బాలిక అడిగినది. ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ బాలికకు మేము బాకీపడిన సమాధానము.

తేటనీరెల్ల మంచినీరు కాదు. చేపలు విసర్జించు మలినమునుండియు, మిగిలిన మేత కుళ్లుటవలనను అమోనియా పుట్టును. అది కంటికి కనబడదు గాని చేపల మొప్పలను పాడుచేయును. వాగులోని ఇసుకను, రాళ్లను అంటియుండు సూక్ష్మజీవులలో కొన్ని అమోనియాను నైట్రైటుగా మార్చును. మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు అంత హానికరము కాదు. నాచుమొక్కలు దానిని ఎరువుగా గ్రహించును. క్రొత్త తొట్టెలో ఈ సూక్ష్మజీవులు తగినన్ని లేవు. అవి స్థిరపడుటకు సుమారు 4 మొదలు 6 వారములు పట్టును.

కావున ముందు తొట్టెను సిద్ధపరచి, పిదప చేపలను తేవలెను. 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1 అడుగు ఎత్తుగల తొట్టెలో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. ఆ నీటి బరువే 56 కిలోగ్రాములు. బల్ల గట్టిగా నుండవలెను. అడుగున కడిగిన ఇసుకయు, రాళ్లును పరచి, నాచు నాటి, రెండు దినముల కొకసారి చిటికెడు మేత వేయుచుండవలెను. అది కుళ్లి సూక్ష్మజీవులకు ఆహారమగును. కుళాయి నీటిలో క్లోరిను కలిసియున్నచో, వెడల్పు పాత్రలో ఒక దినము ఆరుబయట నుంచి వాడవలెను.

రెండవ కారణము ఎండ. 20 డిగ్రీల వేడిమిగల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండును. 30 డిగ్రీలలో ఏడున్నర మాత్రమే. బళ్లారి వేసవిలో సీసానిండ చేపలను క్రుక్కి నడిరోడ్డున తెచ్చుట వాటికి ఊపిరి సలుపనీయకుండుటయే. అంతేకాక, వేసవిలో వాగు ఎండి మడుగులలో మిగిలిన కొద్ది చేపలే మరుసటి వానకాలమునకు విత్తనము. వానిని పట్టుట విత్తనపు గింజలను వండుకొని తినుట వంటిది. దసరా సెలవులలో వాగులు నిండియుండును. ఉదయపు చల్లదనమున పట్టుట మేలు.

చెప్పిన తొట్టెకు రెండంగుళముల చేపలు ఆరు చాలును. పాత్రను సగమే నింపి, పైన తడిగుడ్డ కప్పి తేవలెను. ఇల్లు చేరిన పిదప ఆ పాత్రను తొట్టెనీటిలో ఇరువది నిమిషములు తేలనిచ్చి, తొట్టెనీటిని కొద్దికొద్దిగా అందులో కలిపి, అటుపిమ్మట చేపలను వదలవలెను. వారమున కొకసారి నాలుగవవంతు నీటిని మాత్రమే మార్చవలెను. మొత్తము పారబోసి, ఇసుకను తోమినచో పెంచిన సూక్ష్మజీవులు నశించును.

పరిగెలు తొట్టెకు తగినవి. తలపై వెండిచుక్క మెరయుచు నీటి పైపొరనే తిరుగు చిరుచేప దోమపిల్లలను తినును, అదియు మంచిదే. కొర్రమీను పెరిగి తోడిచేపలను మ్రింగును. ఇంగిలాయి ముల్లు విషముగలది, గ్రుచ్చుకొన్నచో మిక్కిలి బాధ కలుగును. ఈ రెంటిని ముట్టవలదు.

పట్టరాని చోట్లు కూడ కలవు. 1994లో ఏర్పడిన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యమునందును, 2015లో నీటికుక్కల సంరక్షణకై కేటాయించిన తుంగభద్రా నదీభాగమునందును ఏ ప్రాణిని పట్టరాదు. గుత్తకిచ్చిన చెరువులలో గుత్తదారుని అనుమతి కావలెను. మితము తప్పిన నేమగునో కేరళ కొండవాగుల డెనిసన్ బార్బ్ చేప చెప్పుచున్నది. విదేశపు తొట్టెలకై అధికముగా పట్టబడుటచే అది అంతరించు ప్రమాదమున్న జాతులలో చేరినది.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. అంగడిలో కొన్న చేపను ఎన్నడును వాగులో వదలరాదు. దోమల నివారణకై 1928లో మన దేశమునకు తెచ్చిన గంబూసియా చేప నేడు స్థానికపు చిరుచేపలను పీడించుచున్నది. పాచి తినునని తొట్టెలలో పెంచు దక్షిణ అమెరికా చేప కృష్ణానదిలో చేరి జాలరుల వలలు చింపుచున్నది. దానిని ప్రజలు దెయ్యపుచేప యనుచున్నారు. జాలితో వదలిన చేపయే వాగునకు శత్రువు కావచ్చును.

తల్లిదండ్రులకు మా విన్నపము: పిల్లలను ఒంటరిగా పంపకుడు. మోకాటిలోతు దాటనీయకుడు. కాలువలలోను, గనులు త్రవ్విన గుంతలలోను దింపనే దింపకుడు.

విద్యార్థులారా! పట్టిన చేపకు ఇంటిలో ఏమి పేరు, పొరుగింటి కన్నడమువారు ఏమందురో అడిగి వ్రాసికొనుడు. విశాఖపట్టణపు చేపలు 200 వర్ణించి 1803లో గ్రంథము ప్రకటించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అచ్చటి జనులు పిలుచు పేర్లను కూడ అందు చేర్చెను. చేపను కన్నడమున మీను అందురు. మన కొర్రమీనులో నున్నదియు ఆ మీనే. ఆరు చేపలు, ఆరు పేర్లు, రెండు భాషలు: ఒక సెలవుకాలమునకు ఇంతకంటె మంచి పాఠమును మేము చెప్పజాలము.