మూడు టన్నులు ఎక్కువ నింపితే రైతుకు మిగిలేదెంత?

మామిడి కాలం వచ్చిందంటే దామలచెరువు, బంగారుపాళెం, పుత్తూరు దారుల్లో లారీలు, ట్రాక్టర్లు బారులు తీరుతాయి. చెట్టు మీద ఉన్నంతవరకే కాయ రైతు చేతిలో ఉంటుంది. కోసిన తర్వాత దాని గతి బండి మీద, దారి మీద ఆధారపడి ఉంటుంది. బండి నిండాక కూడా ‘ఇంకో పది గంపలు పడతాయిలే’ అని పైన వేయించడం మన పల్లెల్లో కొత్త కాదు. దారిలో బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపితే అది లారీ వాడి తంటా, మనకేల అనుకోవడమూ కొత్త కాదు. ఆ తంటా చివరకు ఎవరి ఇంటికి వస్తుందో ఒకసారి లెక్క వేసి చూద్దాం.

మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. అధిక బరువుకు ఆ చట్టంలో ఉన్న జరిమానా 2,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 1,000. 2019లో పార్లమెంటు దాన్ని సవరించి 20,000కు, టన్నుకు 2,000కు పెంచింది. మూడు టన్నులు ఎక్కువగా ఉంటే 26,000 రూపాయలు. ఇక కాయ సంగతి. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించి, ప్రభుత్వం తన వంతుగా 4 రూపాయలు కలిపింది. ఫ్యాక్టరీ ధర ప్రకారం మూడు టన్నుల కాయ విలువ 24,000 రూపాయలు. అంటే ఎక్కువ నింపిన సరుకు మొత్తం అమ్మినా జరిమానాకు చాలదు!

అంతటితో పోదు. ఎక్కువగా ఉన్న సరుకు దించితే గాని బండి కదలరాదు. దించడం బండి వారి పూచీ మీదే, దానికయ్యే ఖర్చూ వారిదే. ఎర్రటి ఎండలో రోడ్డు పక్కన రాశి పోసిన టమాటాకు కాపలా ఎవరు, దాన్ని మళ్ళీ ఎత్తుకుపోయే బండి ఏది? జరిమానా కట్టి అదే బరువుతో సాగిపోయే పద్ధతి కొన్ని రాష్ట్రాలలో ఉండేది. అందుకు కార్డులు కూడా ఇచ్చేవారు. అది చెల్లదని 2005 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

జరిమానా రసీదు మీద లారీ వారి పేరే ఉంటుందనేది నిజమే. కాని చట్టంలోని మాట బండి నడిపినవాడి దగ్గరే ఆగలేదు. నడిపించినవారిని, నడపనిచ్చినవారిని కూడా కలిపి చెప్పింది. ఓనరు పక్కన లేకపోయినా అతనికి తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చు. ఇక ఓనరు కట్టిన సొమ్ము మరుసటి ట్రిప్పు బాడుగలోకి ఎక్కకుండా ఉంటుందా?

బాడుగ మాట్లాడేటప్పుడే మెలిక

ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకుంటే ఒకే ట్రిప్పులో అంతా పంపాలని రైతుకు ఆశ. టన్నుకు ఇంత అని మాట్లాడుకుంటే ఎక్కువ ఎక్కించాలని లారీ వాడికి ఆశ. రెండు విధాలా బండి కుంగుతుంది. బాడుగ ఖాయం చేసేటప్పుడే ‘ఆర్.సి.లో ఎంత ఉందో అంతే’ అని ఒక మాట అనుకుంటే దారిలో తగువు ఉండదు.

ఆర్.సి.లో రెండు అంకెలు చూడాలి. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది సరుకుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు. రెండింటి తేడాయే మనం ఎక్కించదగింది. 2018 జులైలో కేంద్రం ఇరుసుల పరిమితి పెంచి, రెండు ఇరుసుల లారీకి మొత్తం బరువును 16.2 నుంచి 18.5 టన్నులు చేసింది. అయినా మీ ముందున్న బండికి వర్తించేది దాని ఆర్.సి.లో ఉన్న అంకెే. ఖాళీ లారీ ఆరున్నర టన్నులు అనుకుందాం. మిగిలేది 12 టన్నులు. 25 కిలోల టమాటా పట్టే క్రేట్లు 480 పడతాయని చాలామంది లెక్క. క్రేటు బరువు ఎవరూ కలపరు! క్రేటు రెండు కిలోలైనా 444 దాటకూడదు.

గుజ్జు ఫ్యాక్టరీకి కాయ తోలిన రైతు ఇంట్లో ఇంకో సాక్ష్యం ఉంటుంది. అదే కాటా చీటీ. నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు, కాయ బరువు అందులో ఉంటాయి. మనం చివరి అంకె చూసుకుని చీటీ మడిచి జేబులో పెడతాం. మొదటి అంకెను ఆర్.సి.తో పోల్చి చూస్తే ఆ సీజనంతా ఎంత ప్రమాదంతో తిరిగామో తెలుస్తుంది.

అధిక బరువుకు రైతు ఆశ ఒక్కటే కారణమంటే అన్యాయం. 2025 జూన్‌లో ఫ్యాక్టరీల ముందు బండ్లు రోజుల తరబడి వరుసలో నిలిచాయి. ఇన్నాళ్ళు నిలబడే బండిలో నాలుగు బస్తాలు ఎక్కువ పోయకుండా ఎవరుంటారు? వరుస తగ్గితే బరువూ తగ్గుతుంది. ఈ సంగతి జరిమానా రాసేవారికీ తెలియాలి.

ఎల్లదాటే బండికి

వేలూరు, కోలారు, చెన్నై వైపు సరుకు పంపేవారు పర్మిటు కూడా చూడాలి. ఒక రాష్ట్రంలో ఇచ్చిన పర్మిటు పొరుగు రాష్ట్రం వారు కౌంటర్ సంతకం చేస్తేనే అక్కడ చెల్లుతుంది. నేషనల్ పర్మిటు ఉంటే ఆ బెడద లేదు. 2010కి ముందు దానికి ఒక్కో రాష్ట్రానికి విడివిడిగా సొమ్ము కట్టాల్సి వచ్చేది, ఆ ఏడాది నుంచి దేశమంతటికీ కలిపి ఒకే రుసుము. అయితే దానికి బండి వయస్సు పరిమితి ఉంది. బాడుగ తక్కువని పాత లారీ మాట్లాడేవారు ఇది మరవరాదు. సీజను వ్యాపారానికి నాలుగు నెలలు మించకుండా తాత్కాలిక పర్మిటు ఇచ్చే వీలు కూడా చట్టంలో ఉంది. సరుకుతో కలిపి మూడు వేల కిలోలు దాటని చిన్న బండ్లకు పర్మిటే అక్కరలేదు. బరువు పరిమితి మాత్రం వాటికీ తప్పదు.

బండి కాగితాలన్నీ సరిగా ఉన్నా సరుకే ఆగిపోయే సందర్భాలూ ఉంటాయి. 2025 జూన్‌లో పొరుగు రాష్ట్రాల తోతాపురి రాకుండా చిత్తూరు జిల్లా అధికారులు ఉత్తర్వు ఇచ్చారు. కోలారు వైపు రైతులు గగ్గోలు పెట్టారు, కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఈసారి అటు రైతు, ఇంకోసారి ఇటు రైతు. ఎల్ల పక్కన సేద్యం చేసేవారికి ఈ భయం ఎప్పుడూ ఉన్నదే.

బరువు దెబ్బ మన రోడ్ల మీదా పడుతుంది. అమెరికాలో 1958 - 60 మధ్య లారీలను పనిగట్టుకుని తిప్పి రోడ్డు ఎలా పాడవుతుందో పరీక్షించారు. ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లు అని తేలింది. అయిదో వంతు ఎక్కువైనా నష్టం రెట్టింపే. మెయిన్ రోడ్డు కొంతవరకు ఓర్చుకుంటుంది. తోట నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న ఊరి రోడ్డు ఓర్చుకోదు. మొగిలి ఘాట్ దిగే లారీకి బ్రేకులు కాలే వాసన వస్తే డ్రైవరు గుండె ఎలా కొట్టుకుంటుందో ఆ దారిన పోయేవారికి తెలుసు.

పట్టుకున్నాక తూచే అధికారం ఆఫీసర్లకు ఉంది. ముందుకు పోయే దారిలో పది కిలోమీటర్ల లోపు ఉన్న కాటాకు బండిని తోలమనవచ్చు. ఆ తూకమేదో సరుకు బయలుదేరే చోటే జరిగితే పోదా? ప్రతి మండీ గేటు దగ్గర కాటా పెట్టి, లారీ కదిలే ముందే నిండు బరువు చీటీ రైతు చేతికి ఇవ్వాలి. సరుకు ఎక్కువైతే దించిన నాలుగు గంపలు రోడ్డు పాలు కాకుండా అక్కడే ఇంకో బండికి ఎక్కుతాయి.